న్యూట్రల్‌లో వినబడిన చప్పుడు

2024 ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున మా వాకిట్లో అంబాసిడర్ స్టార్ట్ చేసి, వేడెక్కేదాకా వదిలేసి పక్కన నించున్నాను. గుళ్లో మైకు ఇంకా మొదలవలేదు. వీధిలో పాలవాడి సైకిలు తప్ప అలికిడి లేదు. అప్పుడు వినబడింది. ఇంజన్ చప్పుడు అడుగున ఇంకో చప్పుడు, తిరగట్లో గుప్పెడు మినుములు పోసి నెమ్మదిగా తిప్పుతున్నట్టు. లోపలికెక్కి క్లచ్ నొక్కాను. ఆగిపోయింది. వదిలాను. మళ్లీ వచ్చింది. నాలుగైదుసార్లు నొక్కి వదిలి చూసి ఇంజన్ కట్టేశాను. ఇక అనుమానం లేదు, గేర్‌బాక్సే.

బండి న్యూట్రల్‌లో ఉండి క్లచ్ వదిలి ఉంటే, ఇంజన్‌తోపాటు గేర్‌బాక్సులో క్లచ్ షాఫ్టు తిరుగుతుంది, దాన్ని పట్టుకుని కింద లే షాఫ్టు మీది గేర్లన్నీ తిరుగుతాయి. క్లచ్ నొక్కితే ఆ రెండూ ఆగుతాయి. కాబట్టి నొక్కగానే ఆగిన చప్పుడు ఆ రెంటిలో ఒకదానిది. ఏదో తేల్చుకోవాలంటే రోడ్డెక్కాలి. ఆ ఉదయమే హైవే మీద భీమడోలు దాకా వెళ్లాను. ఫస్టులో గర్రుమంది, సెకండులో, థర్డులో కూడా అదే. టాప్ గేరులో పడగానే సద్దుమణిగింది. టాప్ గేరులో ఇంజన్ బలం తిన్నగా వెనక్కి పోతుంది. కింద ఉన్న లే షాఫ్టు గేర్లు ఊరికే తిరుగుతాయి, వాటి మీద బరువు ఉండదు. బరువు పడినప్పుడు అరిచి, బరువు తీసెయ్యగానే ఊరుకుందంటే బాధ ఎక్కడుందో అదే చెప్పేసినట్టు. లే షాఫ్టు సూది బేరింగులు పోయాయి. ఒక్క బోల్టు విప్పకుండా, రెండు చెవులతో అంతవరకూ తెలుసుకోవచ్చు.

ఇలా వినడం నాకు నేర్పింది మా నాన్నగారు. బండి ఆయనదే, 1977 నాటి మార్క్ 3. ఆయన దాన్ని కొన్నది సెకండ్ హ్యాండులో, అప్పటికే ఇద్దరి చేతులు మారి వచ్చింది. వారానికి రెండుసార్లు ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం రైసుమిల్లుల చుట్టూ తిరిగేవారు. వచ్చేటప్పుడు డిక్కీలో ఉల్లిపాయల బస్తా ఉండేది, గూడెం మార్కెట్టుది. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా గూడెంలోనే, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటిషువాళ్లు వేసిన పాత రన్‌వే మీద. అడ్డొచ్చేవాళ్లు ఉండరు. గొర్రెలు మేస్తూ ఉండేవి. అక్కడ ఆ పొడుగాటి సిమెంటు బాట మీద ఒక మధ్యాహ్నమంతా ఒకటే పాఠం: బండి ఆగకుండా సెకండు నుంచి ఫస్టులోకి దించడం.

అంబాసిడర్‌లో ఫస్టు గేరుకి సింక్రో ఉండదు. మిగతా మూడింటికీ ఉంటుంది. రెండు పళ్లచక్రాలు వేర్వేరు వేగాల్లో తిరుగుతుంటే వాటిని ఒకదానిలో ఒకటి దూర్చడం కుదరదు. పళ్లు కొట్టుకుని కిర్రుమంటాయి. అందుకని మధ్యలో చిన్న ఇత్తడి రింగు పెట్టారు, అదే సింక్రో. అది ముందు రాసుకుంటుంది, రాపిడితో రెంటినీ ఒకే వేగానికి తెస్తుంది, ఆ తరవాతే పళ్లను కలవనిస్తుంది. రాపిడితో వేగాలు కలిపే ఈ పద్ధతి 1928లో అమెరికాలో కాడిలాక్ కార్లలో మొదట వచ్చింది. అంతకుముందు డ్రైవరనేవాడు ఆ పని కాలితో, చెవితో చెయ్యాల్సిందే. క్లచ్ నొక్కి న్యూట్రల్‌కి తీసి, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ కాస్త తొక్కి లోపలి చక్రాల వేగం పెంచి, మళ్లీ క్లచ్ నొక్కి గేరు వేయాలి. "మిగతా గేర్లకి మధ్యవర్తి ఉన్నాడ్రా. ఫస్టు గేరుకి నువ్వే మధ్యవర్తివి" అనేవారు నాన్నగారు. మన డెల్టా రోడ్ల మీద ఇది ఉత్త సరదా విద్యేం కాదు. కాలవ వంతెన వచ్చిందంటే రోడ్డు ఉన్నట్టుండి లేస్తుంది. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తుంది. సెకండులో బండి ఆయాసపడుతుంది. అక్కడ ఆపితే వెనక్కి జారుతుంది. ఆ క్షణంలో ఫస్టు పడాలి.

పళ్లచక్రాలను పక్కకు జరిపి వేగాలు మార్చే పద్ధతి కార్లలో తెచ్చింది 1890ల్లో ఫ్రాన్సులో పనార్, లెవసార్ జంట. చూడ్డానికి మొరటుగా ఉన్నా పని చేస్తుందని లెవసార్ అన్నాడని చెప్పుకుంటారు. మా బండి ఫస్టు గేరు ఇప్పటికీ ఆ వంశానిదే.

మరి బేరింగులెందుకు పోయాయి? డ్రెయిన్ ప్లగ్ విప్పగానే తెలిసింది. ఆయిలు నల్లగా రాలేదు. పాలెక్కువైన కాఫీలా వచ్చింది. కొంచెం నిమ్మసోడా సీసాలో పోసి అరుగు మీద పెట్టాను. మూడు రోజులకి సీసా అడుగున రెండు వేళ్ల మందాన నీళ్లు తేరుకున్నాయి.

ఆ నీళ్లు ఎక్కడివో నాకు తెలుసు. ఆ సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి, ఆ నీరంతా తోసుకుంటూ కొల్లేటికే వచ్చింది. కృష్ణకీ గోదావరికీ మధ్య పళ్లెంలా ఉన్న చోటు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు అన్నీ అందులోకే దిగుతాయి. బయటికి పోవడానికి ఉన్న తోవ మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. అందుకే వాన ఆగి ఎండ కాస్తున్నా లంక గ్రామాల్లో నీళ్లు దిగవు. కైకలూరు వైపు చుట్టాలింటికి బియ్యం, మందులు తీసుకెళ్లాలని బండి తీశాను. రోడ్డు మీద నీళ్లు మోకాలి కిందే కదా అనుకున్నాను. ఇంజన్ ఆగకుండా దాటించాను కూడా. ఆ పూట గర్వంగానే ఉంది.

తప్పు అక్కడే జరిగింది. గంటసేపు నడిచిన గేర్‌బాక్సు వేడిగా ఉంటుంది. లోపలి గాలి వేడికి పెరిగి ఉంటుంది. దాన్ని ఒక్కసారిగా చల్లటి నీళ్లలో ముంచితే ఆ గాలి ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ దొరికిన సందుల్లోంచి బయటిదాన్ని లోపలికి పీలుస్తుంది. చుట్టూ ఉన్నది కొల్లేరైతే కొల్లేరునే పీలుస్తుంది. ఇంటికొచ్చిన మర్నాడే ఆయిలు మార్చి ఉంటే ఏమీ అయ్యేది కాదు. మూడు నెలలు అలాగే వదిలేశాను. తుప్పుకి మూడు నెలలు చాలా ఎక్కువ.

ముందు ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. "ఇది విప్పితే పని తెగదండీ. పాత బండ్లు విడగొట్టే చోట ఇంకో బాక్సు తెచ్చి పెట్టేద్దాం, సాయంత్రానికి ఇచ్చేస్తాను" అన్నాడు. అతని మాటలో తప్పు లేదు, రోజుకి ఇన్ని బండ్లు చూడాలి అతను. కానీ తెచ్చే బాక్సులో ఏముందో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. మా బాక్సులో ఏది చెడిందో నాకు తెలుసు. తెలిసిన జబ్బునిచ్చి తెలియని జబ్బును తెచ్చుకోవడం నాకు నచ్చలేదు. మార్చడం వేరు, బాగుచేయడం వేరు. మార్చేవాడికి ఏది చెడిందో తెలియక్కర్లేదు. ఆ తెలియక్కర్లేకపోవడం పెరిగేకొద్దీ, చప్పుడు విని చెప్పగలిగినవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. మా వీధి చివర ఒకప్పుడు షెడ్డు నడిపిన పెద్దాయన ఉన్నారు, నేను బాబాయ్ అంటాను. పొడుగాటి స్క్రూడ్రైవరు కొన బాక్సుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటారు. నేను చెప్పినదంతా విని, తనూ విన్నాక, "లే షాఫ్టే. మనింట్లోనే విప్పుదాం, పండక్కి మీ మేనల్లుడొస్తాడుగా" అన్నారు.

సంక్రాంతి సెలవుల్లో మొదలెట్టాం. జాకీ మీద నిలిపిన బండి కింద ఎవరూ దూరకూడదు, ఇది మాత్రం ఎంత తొందరున్నా వదిలెయ్యకూడని సంగతి. నాలుగు వైపులా చెక్క దుంగలు పెట్టి, బండిని అటూఇటూ ఊపి చూసి, అప్పుడు కిందికి వెళ్లాం. తరవాత పానాలు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులో 1957లో ఉత్తరపారాలో మొదలైన బండి ఇది, బోల్టులన్నీ అంగుళాల లెక్క. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. అందరింట్లో ఉండే 13 నంబరు పానా దానికి పట్టినట్టే ఉంటుంది, బలం వేసేసరికి జారి మూలలు గుండ్రం చేసేస్తుంది. ఎన్నో అంబాసిడర్ల బోల్టులు అలాగే పాడయ్యాయి. నాన్నగారి అంగుళాల సెట్టు గోనెగుడ్డలో చుట్టి అటక మీద ఉంది, దాంతో ఒక్క బోల్టూ జారలేదు.

ప్రొపెల్లర్ షాఫ్టు, స్టార్టరు, స్పీడోమీటరు కేబులు, స్టీరింగు దగ్గర్నుంచి కిందికి దిగే గేరు రాడ్లు... విప్పాల్సినవాటి జాబితా కొండవీటి చాంతాడంత. ఇంజన్ కింద చెక్క పెట్టి జాకీ ఆనించి, బెల్ హౌసింగ్ బోల్టులు తీసి, బాక్సుని వెనక్కి లాగి దించేసరికి సాయంత్రమైంది. ఇద్దరు మోసే బరువు. మేనల్లుడు ప్రతి దశా ఫోనులో ఫొటో తీశాడు. నేను మాత్రం పాత పద్ధతిలో ఇడ్లీ రేకులు తెచ్చి ఒక్కో గుంటలో ఒక్కో చోటి బోల్టులు వేసి, కింద కాగితం చీటీ పెట్టాను. తిరిగి బిగించేటప్పుడు ఎక్కువ అక్కరకొచ్చింది ఆ చీటీలే.

డీజిలుతో కడిగి పక్క మూత తీశాక మేనల్లుడు కాసేపు మాట్లాడలేదు. మెకానికల్ ఇంజనీరింగు మూడో సంవత్సరం, గేర్ల లెక్కలన్నీ చేశాడు. చేత్తో ఎప్పుడూ ముట్టుకోలేదు. ముందు షాఫ్టు మీద సుద్దతో గీత గీసి, ఫస్టు గేరు వేసి తిప్పమన్నాను. ముందుది దాదాపు నాలుగు చుట్లు తిరిగితే వెనకది ఒక్క చుట్టు. "మావయ్యా, అంటే వంతెన ఎక్కించేది ఈ నాలుగు చుట్లే కదా" అన్నాడు. తరవాత టాప్ గేరు వేసి తిప్పాడు. ఒకటికి ఒకటి. కింద గేర్లు మాత్రం అరటిగెలలాగా ఒకే కాడకి అంటుకుని ఊరికే తిరిగాయి. హైవే మీద నేను విన్నదేమిటో వాడు కళ్లతో చూశాడు.

ఆ గెలను దించడం మెలకువ పని. మధ్యలో ఉన్న షాఫ్టుని బయటికి లాగితే చుట్టూ ఉన్న సూదుల్లాంటి రోలర్లన్నీ జలజలా లోపల పడిపోతాయి. అందుకని అదే లావున, గెలంత పొడుగున ఒక ఉత్తుత్తి షాఫ్టు కావాలి. అసలు షాఫ్టుని అది వెనకనుంచి తోసుకుంటూ వెళ్లి దాని చోట తను కూచుంటుంది. రోలర్లు కదలవు. దానికోసం లేత్ పని చేసే చోటికి వెళ్లాను. అతని షాపు నిండా చెరువుల ఏరేటర్ల గేర్‌బాక్సులు. కొల్లేటి చుట్టూ ఉన్న రొయ్యల చెరువుల్లో రాత్రిళ్లు నీటిలో గాలి తగ్గకుండా తిరిగే తెడ్ల చక్రాలు ఉంటాయి కదా, ఒక్కోదానికీ ఒక చిన్న గేర్‌బాక్సు. నేను చెప్పడం మొదలెట్టగానే, "ఆయిలు పాలల్లే వచ్చిందా మాస్టారూ?" అన్నాడు. "మా దగ్గరికి వచ్చేవన్నీ అవే. సీలు పోద్ది, నీళ్లు దిగుతాయి, బేరింగు తినేస్తది." అంబాసిడర్ బాక్సు అతనెప్పుడూ విప్పలేదట. కానీ ఈ ప్రాంతపు జబ్బు అతనికి తెలుసు. ఉత్తుత్తి షాఫ్టు లేత్ మీద చేసి ఇచ్చాడు. దాంతోపాటు వెనక ఆయిల్ సీలు పెదవి ఎలా చూడాలో చూపించాడు. గోరుతో నొక్కితే వెనక్కి రావాలి. మాది రాలేదు, ఎండిన చింతతొక్కలా బిర్రబిగిసి ఉంది. నీళ్లు ఎక్కువగా దిగింది అక్కడినుంచే.

లే షాఫ్టు బయటికొచ్చాక దీపం కింద పెట్టి చూశాం. అద్దంలా మెరవాల్సిన చోట, బరువు పడే పక్కన మాత్రం, మశూచి మచ్చల్లా చిన్న చిన్న గుంటలు. వేలి కొసతో రాస్తే తగుల్తున్నాయి. రోలర్లలో కొన్ని నీలం తిరిగాయి. తిరగట్లో మినుముల చప్పుడు అదే. గేర్ల పళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. ఏభై ఏళ్లకు దగ్గరపడుతున్న ఇనుము, నిన్న చేసినట్టుంది.

పనిలో పని అని సింక్రో రింగులూ చూశాం. రింగుని దాని శంఖం లాంటి కోను మీద పెట్టి అరచేత్తో నొక్కి తిప్పితే గట్టిగా పట్టెయ్యాలి. థర్డుది, టాప్‌ది పట్టాయి. సెకండుది జారింది. దాని లోపలి సన్నని గీతలు అరిగి నున్నబడ్డాయి. సెకండు వేసేటప్పుడు ఈ మధ్య నేను చెయ్యి కాస్త ఆగి వేస్తున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బండి అలవాటును చెయ్యి తనకు తెలియకుండానే నేర్చేసుకుంటుంది. ఆ హబ్బు విప్పేటప్పుడు లోపల చిన్న స్ప్రింగులు, వాటి మీద ఉక్కు గుండ్లు ఉంటాయి, పట్టు తప్పితే గుండు తుపాకీ గుండే. తడి తువ్వాలు కప్పి, దాని కిందే చేతులు పెట్టి విప్పించారు బాబాయ్. మూడు స్ప్రింగులు, మూడు గుండ్లు, తువ్వాల్లోనే దొరికాయి.

సామాను కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. 2014 మేలో ఉత్తరపారాలో తయారీ ఆగిపోయింది, 2017లో అంబాసిడర్ పేరునే ప్యూజో కంపెనీకి 80 కోట్లకు అమ్మేశారు. అయినా అన్నేళ్లు ఒకే అచ్చులో చేసిన బండి కావడం వల్ల విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయి. లే షాఫ్టు, రోలర్లు, థ్రస్టు వాషర్లు, రింగు, సీళ్లు, ప్యాకింగు కాగితం అన్నీ కలిపి ఒక గుడ్డసంచిలో పట్టాయి. పాత రింగు జేబులో పెట్టుకెళ్లి, పక్కపక్కన పెట్టి చూసి తీసుకున్నాం. పెట్టె మీద పేరు చూసి తీసుకోకూడదు.

ఆయిలు దగ్గర ఒక మాట చెప్పాలి, పాత బండ్లున్నవాళ్లు చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని ఉంటుంది. 5 పెద్ద అంకె కాబట్టి మేలనుకుంటారు. అది వెనక డిఫరెన్షియల్లాంటి చోట్ల, పళ్లు ఒకదాన్నొకటి విపరీతంగా నొక్కుకునే చోటికి తయారైన ఆయిలు. అందులో గంధకపు మందు పాలెక్కువ. వాటిలో కొన్ని రకాలు ఇత్తడిని నెమ్మదిగా తింటాయి. అంటే డబ్బు పెట్టి కొన్న కొత్త రింగుని మనమే కరిగించుకుంటాం. గేర్‌బాక్సుకి జీఎల్-4 చాలు.

తిరిగి కూర్చేటప్పుడు ఒక తప్పు చేశాను. గెలకి రెండు చివర్లా ఉండే థ్రస్టు వాషర్లను గ్రీజుతో అంటించి దించాం. ఒకటి లోపల జారి పడింది, నేను చూసుకోలేదు. అసలు షాఫ్టు చివరి అంగుళం దగ్గర ఆగిపోయింది. సుత్తి అందుకున్నాను. బాబాయ్ నా మణికట్టు పట్టుకున్నారు. "దెబ్బ వెయ్యకు బాబూ. అన్నీ చోట్లో ఉంటే దానంతటదే పడుద్ది. పడట్లేదంటే ఏదో చెబుతోందని." గెల మళ్లీ పైకి తీశాం. వాషరు అడుగున పక్కకి తిరిగి ఉంది. సుత్తి వేసి ఉంటే అది ఒంకరపోయి, వారం తిరక్కుండా గేర్లను నమిలేసేది. రెండోసారి చేతి బొటనవేలితో నొక్కితే షాఫ్టు మెత్తగా జారి కూచుంది. ఆ జారడం వేలికి తెలిసిన క్షణాన్ని నేనింకా మర్చిపోలేదు.

కనుమ మర్నాడు బాక్సు ఎక్కించాం. మొదట పోసిన ఆయిలుని వంద కిలోమీటర్లకే తీసేయమన్నారు బాబాయ్, మూలమూలల్లో మిగిలిన తడి దాంతో వచ్చేస్తుందని. అలాగే చేసి, కొత్తది పోసి, ఫాల్గుణంలో జాతర రోజుల్లో కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి బయల్దేరాం. దారిలో ఒక కాలవ వంతెన మీద కావాలనే బండిని సెకండులో ఆయాసపడనిచ్చాను. క్లచ్, న్యూట్రల్, వదిలి కాస్త తొక్కి, మళ్లీ క్లచ్. ఫస్టు పడింది, చప్పుడు లేకుండా. పక్కన కూచున్న మేనల్లుడు నన్ను చూడలేదు, గేరు రాడ్డు కింద కాలిపలక వంక చూశాడు. లోపల ఏం జరిగిందో వాడికిప్పుడు కనిపిస్తుంది. వచ్చేటప్పుడు స్టీరింగు వాడికిచ్చాను. మూడుసార్లు కిర్రుమనిపించి నాలుగోసారి కలిపాడు.

2027కి బండికి ఏభై నిండుతాయి. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం ఏభై దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి నంబరులో వీఏ అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. అప్పుడు వాళ్లు చూసే గేర్‌బాక్సు బండితో పుట్టిందే అయి ఉంటుంది.

ఆ రాత్రి ఇంటికొచ్చాక బాక్సు వేడిగా ఉండగానే డ్రెయిన్ ప్లగ్ ఒక చుట్టు వదులు చేసి, సోడా సీసాలో కొంచెం ఆయిలు పట్టి అదే అరుగు మీద పెట్టాను. మూడో రోజు పొద్దున్న ఎండకి ఎత్తి చూశాను. అడుగునుంచి పైదాకా ఒకటే రంగు, తేనె రంగు.